బ్రేకు పని అయ్యాక పక్క సీట్లో నేను

ఎర్ర కారు బానెట్ ఎత్తి చూస్తే లోపల ఇంజనే లేదు... మా చిన్నప్పుడు కాలనీ పిల్లలందరం ఒక్కసారే నోరు తెరిచిన రోజు అది. చంద్రపూర్ దగ్గర బొగ్గుగని క్వార్టర్లు మావి. కారు ఊళ్ళో డాక్టరు గారిది. జర్మనీ వాళ్ళు ఆ బండికి ఇంజను వెనక పెట్టారని నాన్న చెప్పేదాకా, దాన్ని దొంగలు ఎత్తుకుపోయారనే అనుకున్నాం.

నాన్న గని వర్క్‌షాపులో ఫిట్టరు. మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆదివారం వచ్చిందంటే రెండే సీట్లున్న ఆ పాత బండి రిపేరుకని మా వాకిట్లో ఉండేది. వయసులో నాకన్నా చాలా పెద్దది... సామాను దొరకదు, దొరికినా బొంబాయి నుంచి రావాలి. అందరూ అది ఎంత ఉరుకుతుందని అడిగేవారు. నాన్నకు ఆ ధ్యాసే లేదు.

"ఉరుకుడు పెద్ద ముచ్చట కాదు బిడ్డా, ఆగుడే ముచ్చట" అనేవారు.

అందుకే ముందు చక్రాలకున్న పాత డ్రమ్ము బ్రేకులు తీసేసి, వేరే కారు డిస్కులు పెట్టారు. అవి దీనికి సరిపోవు కదా... మధ్యలో పెట్టే ఇనుప ప్లేటును తానే కొలత తీసి, లేత్ మిషను మీద చేశారు. ఎన్ని ఆదివారాలు దానికే పోయాయో. ఇంటికొచ్చిన అల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదని అమ్మ దెప్పేది.

బ్రేకు మీద చెయ్యి పెట్టిన ప్రతిసారీ, పని కాగానే నన్ను పిలిచేవారు. చేతులు తుడుచుకుని, పక్క సీటు దులిపి, నన్ను కూర్చోబెట్టుకుని బామ్ని ఊరికెళ్ళే రోడ్డెక్కేవారు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట గట్టిగా బ్రేకు కొట్టేవారు. నేను ముందుకు తూలి కిలకిలా నవ్వేదాన్ని. కాలనీ మొత్తంలో ఆ సీటెక్కిన పిల్లను నేనొక్కదాన్నే. నాన్నకు నేనంటే ఎంత ప్రేమో అని పొంగిపోయేదాన్ని...

ఒక ఆదివారం బ్రేకు ఆయిలు కాస్త తక్కువైంది. బజారు బంద్. సాయంత్రానికి డాక్టరు గారు బండి కోసం వస్తారు. ఇంట్లో గని యంత్రాలకు పోసే నూనె డబ్బా ఒకటి ఉంది. రోజంతా ఆ నూనె పోసే చెయ్యే కదా... నాన్న ఆలోచించకుండా కొంచెం పోసేశారు. నన్ను కూర్చోబెట్టి తిప్పి చూశారు. బ్రహ్మాండంగా ఆగింది. డాక్టరు గారు తీసుకెళ్ళారు.

మరుసటి ఆదివారం పెడల్ అదోలా ఉందంటూ ఆయనే మళ్ళీ తెచ్చి వదిలి వెళ్ళారు. అదేంటో చూద్దామని నాన్న నన్ను ఎక్కించుకుని బయల్దేరారు. ఎదురుగా రైలు గేటు వేసి ఉంది. బొగ్గు వ్యాగన్లు పోతున్నాయి. నాన్న బ్రేకు తొక్కారు... పెడల్ నేలకు ఆనుకుంది. మళ్ళీ తొక్కారు. బండి ఆగలేదు.

గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, రోడ్డు పక్కనున్న కంకర కుప్పలోకి తిప్పేశారు. దుమ్ము తగ్గాక చూస్తే గేటు మాకు రెండు బారల దూరంలో ఉంది. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. 

ఇంటికి తెచ్చి విప్పితే, బ్రేకు లోపలి రబ్బర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. గని యంత్రాల రబ్బరు వేరట, ఈ రబ్బరుకు ఆ నూనె విషమట. వారమంతా డాక్టరు గారు ఆ బండినే నడిపారు మరి... "పాణం తీసేటోన్ని" అంటూ నాన్న వాకిట్లోనే కూలబడ్డారు. డాక్టరు గారు రాగానే ఏదీ దాచకుండా చెప్పేశారు.

డాక్టరు గారు నిర్ఘాంతపోయి ఒక్కటే అడిగారు... అట్లాంటి బండిలో పిల్లనెందుకు ఎక్కించావని. ఆయన హిందీలో అడిగితే నాన్న తల వంచుకుని తెలుగులోనే, తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"పక్కన నా బిడ్డ కూసుంటదని తెలిస్తెనే, నా చెయ్యి ఒక్క బోల్టు గూడ లూజు ఇడువది సాబ్."

గడపలో నిలబడి అంతా విన్నాను. అంటే అది షికారు కాదా... ఇన్నాళ్ళూ నన్ను ఎక్కించుకుంది అందుకా... అమ్మకూ అప్పుడే తెలిసింది.

"మీ బోల్టులకు నా బిడ్డ జమానతా? పూచీకి పిల్లనే పెడ్తరా?" అంది. ఆ నూనె డబ్బాను వర్క్‌షాపు గేటు దాకా తనే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. మూడు రోజులు నాన్నతో మాట్లాడలేదు. నాకూ కోపమే. నేను కూర్చున్నంత మాత్రాన రబ్బరుకు తెలుస్తుందా?

కొత్త రబ్బర్లు వచ్చాయి. బ్రేకంతా కడిగి బిగించారు. ఈసారి నాన్న నన్ను పిలవలేదు... ఒక్కరే వెళ్ళారు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి చక్రాలు విప్పారు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వచ్చి విప్పారు. పొద్దు వాలుతోంది. తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయింది, బండి ఇవ్వలేకపోతున్నారు. నేనా... గుమ్మం దిగలేదు.

అప్పుడు అమ్మ పిండి చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని వచ్చి, ఆ సీట్లో కూర్చుంది.

"నడువుండ్రి" అంది.

తిరిగొచ్చాక జుట్టు సర్దుకుంటూ, "మంచిగనే ఆగింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ బండి మా వాకిటికి వచ్చినన్నాళ్ళూ ఇక ఆ సీటు అమ్మదే. నన్ను మళ్ళీ ఎక్కనివ్వలేదు.

నాన్న ఇప్పుడు లేరు. పోయిన నెల నా కారుకు బ్రేకు ప్యాడ్లు మార్పించాను. మెకానిక్‌ది దాదాపు నా వయసే. కంప్యూటర్‌లో అంతా ఓకే వచ్చింది అక్కా, తీసుకెళ్ళండని మరాఠీలో చెప్పాడు. నా నోరు ఊరుకుంటుందా... నాతో ఒక రౌండు రండి, పక్కన కూర్చోండి అన్నాను. అతను వింతగా చూశాడు. సరేనని కారు తలుపు దాకా వచ్చాడు. హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"ఏక్ మినిట్ థాంబా", ఒక్క నిమిషం ఆగండని వెనక్కి వెళ్ళి, స్పానర్ తెచ్చుకుని ముందు చక్రం దగ్గర మళ్ళీ కూర్చున్నాడు.

ఇన్నేళ్ళూ నాన్న మీద దాచుకున్న కోపం ఆ వర్క్‌షాపు గచ్చు మీదే దిగిపోయింది... ఇప్పుడు బండి బాగుందో లేదో లైటు వెలిగి చెబుతుంది. పక్క సీట్లో ఎవరి బిడ్డ కూర్చుంటుందో ఆ లైటుకేం తెలుసు...

మీ ఇళ్ళల్లోనూ తమ పనికి తమవాళ్ళనే జమానతు పెట్టినవాళ్ళు ఉన్నారా? ఉంటే చెప్పండి... అలా చేసింది మా నాన్న ఒక్కరే కాదని వినాలని ఉంది.