తారకేశ్వరరావు గారి సరిహద్దు గుంజ

నీళ్ల మీద గీత గీయగలనని నమ్మిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. కవిటి తారకేశ్వరరావు గారు. గీయడంతో ఊరుకోరు, ఎవరైనా దాటితే ఒడ్డున నిలబడి కేకలేస్తారు కూడా.

ఆయన మత్స్యశాఖ ఉద్యోగి కాదు. పన్నెండెకరాల కొబ్బరితోట ఉన్న రైతు. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. ముల్లు గుచ్చుకుంటుందన్న భయంతో అసలు చేపే తినరు. అలాంటి మనిషికి రెండు రాష్ట్రాల చేపలవేట నిబంధనలూ కంఠతా వచ్చు. కొబ్బరిచెట్టుకి ఎరువు ఎప్పుడు వేయాలని అడిగితే మాత్రం పాలేరుని పిలుస్తారు.

కుదురన్నది ఆయన జాతకంలోనే లేదు. టీ నడుస్తూ తాగుతారు. మంగలి ఆయన వెనకాల నడుస్తూ క్షవరం చేస్తాడు. ఒకసారి కుడి మీసం అరుగు మీద, ఎడమ మీసం వీధి మలుపులో కత్తిరించాడని ఊళ్లో చెప్పుకుంటారు.

తెల్లారేసరికి మోపెడ్ మీద ఏటి మొగ దగ్గర తేలతారు. ఏరు సముద్రంలో కలిసే చోటు అది. ఒడ్డున ఒక జాలరి పేట ఉంది, పేరు అడక్కండి. నీళ్లు ఒకటే, రాష్ట్రాలు రెండు. ఇవతల ఆంధ్ర, అవతల ఒడిశా. ఇక్కడ ఇచ్చిన లైసెన్సు ఇక్కడి నీళ్లకే చెల్లుతుంది. ఇసుకమేట ఏడాదికో చోటికి జరుగుతుంది కనక హద్దు ఎక్కడుందో ఎవరికీ తెలీదు, తారకేశ్వరరావు గారికి తప్ప. ఆయన దగ్గర రెండు రాష్ట్రాల సర్వే నకళ్లూ ఉన్నాయి. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో మొలలోతు నీళ్లలో దిగి సరుగుడు గుంజ పాతి, దానికి ఎర్రగుడ్డ కడతారు. పోటుకి అది కొట్టుకుపోతుంది. మర్నాడు ఇంకొకటి.

ఆ గుడ్డలు ఆయన భార్య నూకరత్నం గారి చీరలు.

"ఎర్రకోక కొనడం మానీసేను బాబూ," అని ఆవిడ నాతో మొరపెట్టుకున్నారు. "పసుపుది కొన్నాను. నిన్న దాని కొంగు కూడా బోర్డరుకి ఎల్లిపోనాది."

"ఎర్రదయితేనే దూరానికి కనబడతాది!" అని వీధిలోంచి ఆయన కేక.

"మరి పసుపుదెందుకు సింపీసేరు?"

"మబ్బట్టిన రోజుకి!"

వల పట్టుకున్న ప్రతి మనిషినీ ఆపుతారు. "లైసెన్సుందా? పడవకి నంబరుందా? వలకన్ను కొలిసేవా?" పెళ్లి భోజనాల్లో వడ్డించేవాణ్ణి కూడా వదలరు. "ఈ రొయ్య ఏ వైపుదిరా?" అని నిలదీస్తారు. తినరు, నిలదీస్తారు. అదీ నడుస్తూనే.

ఆయన్ని ఆటపట్టించడంలో పేటలో ఈశ్వరరావు తర్వాతే ఎవరైనా. మంచి వేటగాడు. ఉన్న ఆస్తి ఒక్క పడవ.

"రావుబాబూ, సేపలకి ఆధార్ కార్డులున్నాయేటి? ఏ రాష్ట్రం సేపో నానెలా పోల్సుకోను?"

"సేప ఎటైనా ఎల్తాదిరా. దానికి పోయేదేటీ లేదు. నీకు పడవుంది."

"మరైతే గుంజ కాడ ఆగమని సేపలకి కూడా ఓ మాట సెప్పు బాబూ!"

పేటంతా నవ్వుతుంది. నిజానికి అది నవ్వే సంగతి కాదు. రెండేళ్ల కిందట, ఇంకా ఈ గుంజ లేని రోజుల్లో, అవతలి నీళ్లలో దొరికిపోయిన రెండు పడవలు అవతలి ఒడ్డునే ఉండిపోయాయి. కాగితాల పని తేలేలోపు ఇంజన్లు తుప్పుపట్టి, పడవలు ఇసుకలో కూరుకుపోయాయి. వాటి యజమానుల్లో ఒకడు చెన్నైలో వాచ్‌మన్. ఇంకొకడు పలాసలో జీడిపప్పు బస్తాలు మోస్తున్నాడు.

అయినా ఈశ్వరరావు రోజూ గుంజ దాటేవాడు. అందరూ దాటేవారు. గుంజకి ఇవతలే వల వేసినవాణ్ణి పేటలో మగాడి కింద జమకట్టరు. మరీ దూరం పోవడానికేమో గుండె చాలదు. అందుకని ఓ నూటయాభై గజాలు దాటి, దొంగచూపులు చూస్తూ వల వేసి, లాగేసుకుని వచ్చేవారు. ఈశ్వరరావు భార్య బొడ్డమ్మ కంచిలి సంతలో "బోర్డరు దాటొచ్చిన సేపమ్మా!" అని కేకేసి మరీ అమ్మేది.

పోయిన దసరా వెళ్లాక ఒక ఉదయం వేట చూద్దామని నేనూ ఈశ్వరరావు పడవలో ఉన్నాను. గుంజ దాటాం. వల పడింది. అంతలో అవతలి రాష్ట్రం గస్తీ పడవ మా ముందుకొచ్చి ఆగింది. అందులో కొత్త అధికారి. తెలుగు బాగానే వచ్చు.

"అయిపోనాది మావా," అన్నాడు ఈశ్వరరావు నాతో. "ఇంక నా పడవ కూడా ఆ ఇసకలోనే."

ఇంతలో వెనకనుంచి కేక. "ఆగండి! ముందు మీ గుర్తింపు కార్డు సూపించండి!"

పీకలోతు నీళ్లలో తారకేశ్వరరావు గారు. నెత్తిమీద ప్లాస్టిక్ కవరులో ఫైలు. అధికారి బిత్తరపోయి నిజంగానే జేబు తడుముకున్నాడు.

"ఎవరీయన?"

"మా బోర్డరండి," అన్నాడు ఈశ్వరరావు ఏడుపుగొంతుతో.

అధికారి ఈశ్వరరావు లైసెన్సు చూశాడు. పడవ నంబరు చూశాడు. చేతిలోని జీపీఎస్ యంత్రం చూశాడు. దాన్ని తట్టి మళ్లీ చూశాడు.

"మీ నీళ్లలోనే ఉన్నారు. హద్దు ఇంకో యాభై గజాలుంది. మరి ఆ జెండా అంత వెనకాల ఎవరు పాతారు?"

తారకేశ్వరరావు గారు కదలకుండా నిలబడటం నేను జీవితంలో ఆ ఒక్కసారే చూశాను.

గస్తీ పడవ అటు తిరిగిందో లేదో, ఈశ్వరరావు ఇటు తిరిగాడు.

"రెండొందల గజాలు! మా నీళ్లు మాకు కాకుండా సేసీసినావు గదా బాబూ! మా ఇంట్లో మేమే దొంగల్లాగ తిరిగేం!"

"హద్దు మీదే గుంజ పాతితే ఏటి సేద్దువురా?"

"అక్కడే ఆగుదును."

రావుగారు నీళ్లలోంచి వాడికేసి చూస్తూ నిలబడ్డారు.

"సరే... నూటయాబై గజాలు దాటుదును," అని ఒప్పుకున్నాడు ఈశ్వరరావు.

"అందుకే రెండొందలు ఎనక్కి పాతేను. ఆ యాబై, నీకెప్పుడైనా ఆశ ముదిరితే పనికొత్తాదని."

ఒడ్డున పేటంతా గుమిగూడి ఉంది. గస్తీ పడవ రావడం అందరూ చూశారు. బొడ్డమ్మ నీళ్లలోకి ఎదురొచ్చేసింది. "ఏటయినాది? ఏటన్నాడు ఆ బాబు?"

ఈశ్వరరావు నోరు తెరిచాడు. వాడు నిజం చెబితే మర్నాటి నుంచి ఇరవై పడవలు అసలు హద్దు దాకా పోతాయి. పోయి అక్కడ ఆగవు. రావుగారు ఫైలుని గుండెకి హత్తుకుని వాడి మొహంలోకే చూస్తున్నారు.

"ఏటవుతాది?" అన్నాడు ఈశ్వరరావు. "దాటీసినాను, దొరికిపోనాను. కాళ్లట్టుకుంటే ఈ పాలికి ఒగ్గీసినారు. రావుబాబు గుంజ అంగుళం తేడా నేదు."

బొడ్డమ్మ అందుకుంది. "సిగ్గు నేదా నీకు? పడవ పోతే ఆ ఇసకలో నన్నుకూడా పాతీసి ఎల్లిపోదువా?" పేట పెద్దలు తలా ఒక చీవాటు పెట్టారు. కంచిలి సంతదాకా పరువు పోయింది. చేయని తప్పుకి వాడు నాలుగు రోజులు తిట్లు తిన్నాడు.

ఐదోనాడు మళ్లీ వాడితో వెళ్లాను. గుంజ దాటాం. నూటయాభై గజాలకి పడవ ఆపి, ఎప్పటిలాగే మెడ ముడుచుకుని, దొంగచూపులు చూస్తూ వల విసిరాడు.

"మన నీళ్లేనని తెలిసింది కదా, ఇంకా ఎందుకలా చూస్తావు?" అన్నాను.

"గట్టిగా అనకు మావా," అన్నాడు గుసగుసగా. "ఎనకాల పడవలోళ్లు సూత్తన్నారు. నువ్వు కూడా కాత్త బయపడు."