రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి దక్షిణ సముద్రం దాకా

మా పిన్ని వసుంధర నరసరావుపేట దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైంది. మొన్న ఫిబ్రవరిలో మొదటిసారి సిడ్నీ వచ్చి, స్కోఫీల్డ్స్‌లో మా ఇంట్లో ఉంది. బీచ్‌లు, బ్లూ మౌంటెన్స్ అన్నీ తిప్పాను. ఒకరోజు ఇడ్లీ తింటూ, "ఇవన్నీ సరేనే సుధా, ఈ దేశంలో దక్షిణం వైపు రోడ్డు ఎక్కడ అయిపోతుంది?" అని అడిగింది. ఎనిమిదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా నాకు తెలియదు. ఫోన్‌లో వెతికితే టాస్మేనియా దక్షిణ కొసన కాకిల్ క్రీక్ అనే చోటు కనిపించింది. అక్కడ కారు ఆపి రెండు గంటలు నడిస్తే సౌత్ కేప్ బే వస్తుందట. దాని అవతల అంటార్కిటికా దాకా నేల లేదట. "అయితే పద" అంది పిన్ని. ఆమె తిరుగు ప్రయాణానికి అప్పటికి వారమే మిగిలింది.

సిడ్నీ నుంచి హోబర్ట్‌కు విమానంలో రెండు గంటలు. అక్కడ కారు అద్దెకు తీసుకుని, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి బయలుదేరాం. దారిపొడవునా యాపిల్ తోటలు, రోడ్డు పక్కన పళ్ళ బుట్టలు. డోవర్‌లో పెట్రోలు కొట్టించుకుని ఒక చిన్న దుకాణంలో 'స్కాలప్ పై' అనే వంటకం కొన్నాం. స్కాలప్ అంటే గుల్లచేప లాంటిది, కర్రీ పౌడరు కలిపి వండి, పిండి పొరల మధ్య పెట్టి కాలుస్తారు.

"స్పైసీగా ఉందా?" అని అడిగింది దుకాణంలో వండే ఆవిడ.

"వెరీ టేస్టీ, మేడమ్" అని పిన్ని నవ్వి, నా వైపు తిరిగి, "పసుపు రంగు తప్ప కారమేదే?" అంది.

మేము ఎక్కడికి వెళ్తున్నామో విని ఆవిడ మా కాళ్ళకేసి చూసింది. నా బూట్లు ఫరవాలేదంది. పిన్నికి మాత్రం లోపలి నుంచి ఒక ఊతకర్ర తెచ్చిచ్చింది. "వెనక్కి వచ్చేటప్పుడు ఇచ్చెయ్యండి. మధ్యాహ్నం వాన పడుతుంది" అని చెప్పింది.

చివరి అరగంట అంతా మట్టిరోడ్డే. కారు నెమ్మదిగా నడపాలి, ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది. పదిన్నరకు కాకిల్ క్రీక్ చేరాం. ఒడ్డున ఒక కంచు తిమింగలం పిల్ల బొమ్మ, చుట్టూ కదలని నీళ్ళు. అక్కడి నుంచి నడకదారి అడవిలోకి పోయి, ఒక పెద్ద గడ్డిమైదానంలోకి తేలింది. బురదలో దిగబడకుండా దాని మీద సన్నటి చెక్కబాట వేశారు. ఆ బాట మధ్యలో నల్లటి పాము ఎండ కాగుతూ పడుకుని ఉంది.

నేను ఆగిపోయాను. "పిన్నీ, వెనక్కి పోదాం" అన్నాను. ఈ దేశంలో పాముల గురించి ఆఫీసులో విన్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఉండవే. కదలకుండా నిలబడు" అంది పిన్ని. నా చెయ్యి పట్టుకుంది.

పాముకు అటువైపు నుంచి పెద్ద బ్యాగు మోసుకుంటూ ఒకామె వచ్చి, ఆమె కూడా ఆగింది. "టైగర్ స్నేక్! దానికి మనతో పనిలేదు, కాసేపు ఆగండి" అని కేకేసింది. ముగ్గురం అలాగే నిలబడ్డాం. చాలాసేపటికి అది మెల్లగా గడ్డిలోకి జారిపోయింది. ఆమె దాటి వెళ్ళిపోయినా నా అడుగు ముందుకు పడలేదు. కారు దగ్గరికి వెళ్ళిపోదామని మళ్ళీ అన్నాను.

పిన్ని కోప్పడలేదు. "నీకంత భయంగా ఉంటే వెళ్ళిపోదాం, నాకేం బాధ లేదు. కానీ ముందుకైనా వెనక్కైనా ఇదే గడ్డి కదే" అంది. అది నిజమే. నేను నవ్వాను, నవ్వాక నడవగలిగాను. కర్రతో చెక్కల మీద చప్పుడు చేస్తూ పిన్ని ముందు నడిచింది.

ఒంటిగంట దాటాక అడవి తెగిపోయి ఒక్కసారిగా సముద్రం కనిపించింది. కొండ అంచున గాలి మమ్మల్ని వెనక్కి తోసింది. కింద గోధుమరంగు నాచు తాళ్ళలా తిరుగుతోంది. అలలు బూడిద రంగులో లేచి తెల్లగా విరుగుతున్నాయి. సూర్యుడు మా వెనక, ఉత్తరాన ఉన్నాడు. పిన్ని తన నీడ సముద్రం వైపు పడటం చూసి, "మనూళ్ళో ఉత్తరానికి పడే మధ్యాహ్నం నీడ ఇక్కడ దక్షిణానికి పడింది చూడవే!" అని చిన్నపిల్లలా అరిచింది. తర్వాత కర్రకు ఆనుకుని అలలకేసి చూస్తూ నిలబడింది.

"పటంలో ఈ భాగమంతా నీలం రంగు వేయించేదాన్ని పిల్లల చేత" అంది చివరికి. "ఇందులో నీలం ఎక్కడుందే!"

వాన నిజంగానే వచ్చింది. కారు చేరేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. హీటర్ ముందు సాక్సులు ఆరబెట్టుకుంటూ పిన్ని అడిగింది. "పాము దగ్గర కనపడిన ఆవిడ అంత పెద్ద బ్యాగు వేసుకుని ఎక్కణ్ణుంచి వచ్చిందంటావ్?" డోవర్‌లో ఊతకర్ర తిరిగి ఇచ్చేసి, సిగ్నల్ వచ్చాక చూశాను. ఆ తీరం వెంట పడమటికి వారం రోజుల నడకదారి ఉంది.

నాకు పామంటే భయం పోలేదు. కానీ ఇన్నేళ్ళూ ఈ దేశంలో కారు ఆగే చోటే చూసి, అంతా చూశాననుకున్నాను. ఏదైనా ఎక్కడ అయిపోతుందని అడిగేవాళ్ళతో ప్రయాణం చేస్తే, అది అక్కడ అయిపోలేదని తెలుస్తుంది. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట: ఆ అడవి నేషనల్ పార్కు కాబట్టి దాని పాసు, దారి మ్యాపు హోబర్ట్‌లోనే ఫోన్‌లో దించుకోండి. ఎన్నింటికి వెనక్కి తిరగాలో కారు దిగకముందే అనుకోండి. సముద్రం ఎదురుగా నిలబడ్డాక ఆ మాట ఎవరికీ గుర్తు రాదు.