నెమ్మదించింది

ఆ మెదడు ఆసుపత్రి వరండాలో బహుమతులు పొందిన శాస్త్రవేత్తల ఫొటోల అద్దాలు తుడవడం ఆయమ్మ పని. అరవై దాటాయి. ముందు తడిగుడ్డ, తర్వాత పాత దినపత్రిక, అప్పటికీ మరక వదలకపోతే నోటి ఆవిరి పట్టి కొంగుతో ఒక్క రుద్దు. చదువు రాకపోయినా ఎవరేం కనిపెట్టారో వరసగా చెప్పగలదు. ఈ ఇద్దరూ నరాల కణాలకు రంగు పట్టించి చూశారు, వీళ్లు నరంలో పారే కరెంటును కొలిచారు, ఆయన సముద్రపు నత్తలో జ్ఞాపకాన్ని వెతికాడు. అన్నీ చూడవచ్చినవాళ్లకు ఫొటోల గురించి చెప్పే గైడు నోట విన్నవే. మొన్న నర్సింగ్ అమ్మాయిలకు అతను ఒక ఫొటో కింది రాత చదివి వినిపించాడు. "మెదడు ముందుభాగంలో నరాలు కోసే ఆపరేషన్ కనిపెట్టారు. దీంతో ఎందరో మానసిక రోగులు నెమ్మదించారు."

ఎవరికీ ఎదురుచెప్పని ఆయమ్మ గుడ్డ పక్కన పెట్టి గొంతెత్తింది. "నెమ్మదించడమేంటి బాబూ? మా పెద్దమ్మకి చేశారు అది. గయ్యాళి అనేవాళ్లు. నిజమే, వీధి చివరికి వినబడేలా తిట్టేది, అంతకన్నా గట్టిగా నవ్వేది. కోశాక ముద్ద నోట్లో పెడితే తినేది, లేకపోతే లేదు. కన్నకూతురు ఎదురుగా కూర్చుంటే ఎవరివమ్మా అని కూడా అడగలేదు. డాక్టరు మాత్రం చీటీలో నెమ్మదించింది అని రాశాడు. ఆ మాట తీసెయ్యండి."

"ఇప్పుడది ఎవరూ చెయ్యట్లేదులే ఆయమ్మా."

"మరి బహుమతి వెనక్కి తీసుకున్నారా?"

"ఒకసారి ఇచ్చేశాక ఎలా తీసుకుంటారు?"

"మా పెద్దమ్మ దగ్గర్నుంచి ఆ నవ్వు తీసుకున్నారుగా!"