నిండు బండికి కొలిచిన బ్రేకు పైపు

మొన్న ఆటోనగర్‌లో నా కారు కింద నుంచి బయటికొచ్చిన మెకానిక్కు చేతులు తుడుచుకుని గుడ్డ పక్కన పడేశాడు. బ్రేకాయిలు వాసన. ఆముదంలో చేపనూనె కలిపినట్టు, కాస్త తీపిగా, కాస్త కంపుగా ఉండే ఆ వాసన ముక్కుకి తగిలితే చాలు, కృష్ణ రేవు, డిసెంబరు ఎండ, మా మేనత్త కేక ఒక్కసారే నా మీదికొస్తాయి.

మా చిన్నప్పుడు ఉయ్యూరులో క్రిస్మస్‌కి ముందు గాలే తియ్యగా ఉండేది. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడటం మొదలై ఊరంతా బెల్లపు మడ్డి వాసన కమ్ముకునేది, మేం చెరకు ట్రాక్టర్ల వెనక పరిగెత్తి గడలు లాగేవాళ్లం, ఇంట్లో మేనత్త మూకుడు ముందు కూర్చుని ఇనప అచ్చు పిండిలో ముంచి నూనెలో దులిపి గులాబీ పువ్వులు వేయించేది. ఆ డబ్బాలతో సహా ఇంటిల్లిపాదీ నాన్న టాక్సీ కారులో కూరుకుని, చల్లపల్లి మీదుగా రేవు చేరి, రెండు పడవల మీద బల్లలు పరిచిన పంటు ఎక్కి, అవతల లంకలో నాయనమ్మ దగ్గరికి వెళ్లేవాళ్లం. ఎంతమందిమి ఎక్కేవాళ్లమో చెప్పను, ఎలాగూ నమ్మరు.

అంత బరువుకి కారు వెనక భాగం నేలకి ఆనేది. అందుకని ఒక ఏడాది నాన్న వెనక స్ప్రింగు కమాను కట్టలకి అదనపు పట్టీలు వేయించాడు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నవారు మంచం బిగించినా, ఉయ్యాల కట్టినా, అందరం ఒకేసారి ఎక్కి కూర్చుంటే గాని పని అయినట్టు కాదు. కారుకీ అంతే.

"ఎక్కండెక్కండి, ఖాళీ బండికి కొలతేంటి! మనం ఎక్కితేనేగా బండి!" అన్నాడు నాన్న.

అందరం ఎక్కాం. కింద పడుకున్న మెకానిక్కు మస్తాను, "అమ్మగారూ, కాస్త అటు జరగండి, నా మీదే కూర్చున్నట్టుందండీ!" అని మూలిగాడు.

"నే జరిగితే బండే జరుగుద్ది, కానియ్యి మస్తానూ!" అంది మేనత్త.

మా బరువుకి కారు దిగిపోయి, వెనక ఇరుసుకి వెళ్లే రబ్బరు బ్రేకు పైపు పొట్ట జారినట్టు వేలాడింది. అది చక్రానికి రాసుకుంటుందని మస్తాను పైకి లాగి ముచ్చటగా క్లిప్పు కొట్టాడు. మేం దిగాం, కారు కొత్త కమాన్ల మీద ఒళ్లు విరుచుకున్నట్టు పైకి లేచింది. ఆ రాత్రంతా పైపు పొడవు చాలక తాడులా సాగి ఉంది, వంగి చూసినవాళ్లు లేరు.

మర్నాడు నిండు బండికి బ్రేకులు బ్రహ్మాండంగా పడ్డాయి. రేవులో మాత్రం మనుషులంతా దిగాలి, కారు ఖాళీగా పంటు ఎక్కాలి. దిగాం. కారు మళ్లీ లేచింది. వెనక చక్రం పక్కన ఇసుకలో తడి కనిపించింది. వేలితో తాకి వాసన చూశాను.

"నాన్నా, కారు కింద ఏదో కారతంది!"

"నీ కథలు తర్వాత చెబుదువుగాని, పక్కకి రాయే!" అని మేనత్త నా జబ్బ పట్టి లాగింది. అంతకు ముందు వారమే కాలవలో మొసలిని చూశానని వీధంతా చాటాను మరి.

కారు ఏటవాలుగా దిగింది. పంటు అంచు దగ్గర చెక్క మీద వెనక చక్రాలు ఎగిరిపడ్డాయి. కింద టప్పుమంది. తొక్కిన పెడలు లోపలికి దిగబడి నాన్న ఒక్కసారి ముందుకి ఒరగడం పక్క కిటికీ అద్దంలోంచి చూశాను.

"బ్రేకు లేదు! తప్పుకోండ్రోయ్!"

పంటు మీది మనుషులు నీళ్లలోకి దూకారు. నాన్న హ్యాండ్‌బ్రేకు లాగాడు. తడి బల్లల మీద కారు ఆగకుండా జారుతూనే ఉంది, ఆ చివర అడ్డంగా ఒక తాడు, దాని అవతల కృష్ణ. ఎవరివో ధాన్యం బస్తాలు అక్కడ పేర్చి ఉన్నాయి. చక్రం వాటి మీదికెక్కింది, ఒక బస్తా బుడుంగుమని నదిలో పడింది, కారు ముందు నంబరు ప్లేటు నీళ్ల మీద వేలాడుతూ ఆగింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి మేనత్త, "అన్నయ్యా!" అని ఒక్కటే కేక.

నాన్న దిగాడు. కారు కిందికి వంగి, ఊడిపోయిన పైపు చూశాడు. తర్వాత నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం చూశావే? మళ్లీ చెప్పు."

నేను చెప్పిన మాట పెద్దవాళ్లు చివరిదాకా విన్నది అదే మొదలు.

ఆ కారుని మేనత్త ఒంటి చేత్తో బంపరు పట్టి ఆపిందని నేను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. ఉన్నన్నాళ్లూ ఆవిడ కూడా కాదనలేదు.

ఆ రేవు సంగతి మరవలేకే మొన్న, కాలవగట్ల మీద తిరగడానికి నా కారుకి ఎత్తు స్ప్రింగులు వేయించుకుంటూ, "జాకీతో బండి ఎత్తి చక్రాలు పూర్తిగా వేలాడనివ్వు, స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పు, అప్పుడు పైపు చూడు" అన్నాను.

"అంతా సెట్టే మేడం" అని నవ్వుతూనే ఎత్తాడు. పైపు బిగుసుకుంది. నవ్వు ఆపేసి క్లిప్పు విప్పాడు, ఇంకా పొడుగు పైపు తెచ్చి, ఎటు తిప్పినా సాగకుండా, దేనికీ రాసుకోకుండా బిగించాడు.

ఇప్పుడు నది మీద వంతెన ఉంది. పంటు లేదు, నాన్న లేడు, మేనత్తా లేదు.

"బరువుతో కూడా చూద్దాం మేడం, మీవాళ్లెవరినన్నా ఎక్కమనండి" అన్నాడు మెకానిక్కు.

వర్క్‌షాపంతా ఒకసారి చూసి, మూల ఉన్న ఇసుక బస్తాలు ఎక్కించమన్నాను. మేనత్త కూర్చునే పక్క ఒకటి ఎక్కువే వేయించాను. అయినా కారు ఆనాడు మేం ఎక్కినప్పటంత కిందికి దిగలేదు.