ఆల్మా వీధిలో ఆదివారం దండెం

నోరీన్ గ్రిమ్‌షా గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదని నోరీన్ గ్రిమ్‌షాయే అంటుంది. ఇంగ్లండులోని ఓల్డమ్‌లో పుట్టింది. చదువు ముగించీ ముగించకుండానే నూలు మిల్లులో చేరింది. మిల్లు మూసేశాక బడి వంటశాలలో గరిటె పట్టుకుని ఊళ్ళో సగం మంది పిల్లలకు కస్టర్డ్ వడ్డించింది. మొగుడు ఆల్ఫ్‌ను సాగనంపింది, కొడుకును పెంచింది. అంతే. ఆ లెక్కన చూస్తే రాజులకూ రాణులకూ కూడా రాయదగ్గ జీవితం లేనట్టే. వాళ్ళు కనీసం మిల్లుకైనా వెళ్ళలేదు.

వెనక సందులో నా ఇల్లు ఆవిడ ఇంటికి ఎదురు. నా పడకగది కిటికీ లోంచి ఆవిడ పెరడూ వంటగదీ అరచేతిలా కనిపిస్తాయి. పుస్తకం చదువుతూ తలెత్తితే నోరీన్, పేజీ తిప్పి తలెత్తితే మళ్ళీ నోరీన్. కాబట్టి ఆవిడ చెప్పని సంగతొకటి నేను చెప్పగలను. ఆల్మా వీధికి చట్టమంటూ ఒకటుంటే, దానికి జడ్జీ, పోలీసూ, తలారీ అన్నీ ఆవిడే.

ఆ చట్టం చాలా చిన్నది. ఆదివారం నాడు దండెం మీద బట్టలు ఆరేయకూడదు. ఎవరు చేశారో ఎవరికీ తెలీదు. దేవుడు చేశాడని పాతవాళ్ళు అనుకునేవాళ్ళు. ఇప్పుడు వీధిలో చర్చికి వెళ్ళేవాళ్ళు అరడజను మంది ఉంటే ఎక్కువ, వాళ్ళలో నోరీన్ లేదు. దేవుడు వదిలేసి వెళ్ళిన ఉద్యోగాన్ని ఆవిడ జీతం లేకుండా చేస్తోందన్నమాట. సోమవారం ఉదయం సందు పొడుగునా అందరికన్నా ముందు గాలికి ఎగిరేది ఆవిడ దుప్పటే. అంత తెల్లగా మరొకరిది ఉండదు. ఆవిడకు ఆస్తి అంటూ ఉన్నది ఆ పేరొక్కటే, దాన్ని బ్యాంకులో వేసినంత భద్రంగా చూసుకుంది.

ఆ చట్టం కింద శిక్ష పడింది ఒక్కరికే. పక్కింటి విన్నీ సగ్డెన్‌కు. విన్నీ కవల పిల్లలు పసివాళ్ళుగా ఉన్నప్పుడు ఒక ఆదివారం ఆవిడ దండెం నిండా వాళ్ళ గుడ్డలు ఆరేసింది. మర్నాడు చేపల వేపుడు కొట్టు దగ్గర వరసలో నిలబడి నోరీన్, ఎవరి వైపూ చూడకుండా, "కొందరికి వారంలో ఆరు రోజులు చాలవు" అంది. వరసంతా నవ్వింది. ఆ రోజు నుంచి విన్నీ ఆవిడతో మాట్లాడలేదు. మధ్యలో ఒక్క గోడ. ఒకరు దగ్గితే మరొకరికి ఏ మందు వాడాలో తెలిసేంత పల్చటి గోడ. ఆ కవలలకు ఇప్పుడు బట్టతలలు వచ్చాయి. ఈ ఇద్దరి మధ్య మాటలు మాత్రం రాలేదు.

ఇలా ఉండగా నోరీన్ ఇంటికి వాస్తవికత వచ్చింది.

తెచ్చింది ఆవిడ మనవరాలు కెల్సీ. పదిహేడేళ్ళ పిల్ల. మాంచెస్టర్‌లో సినిమా చదువు చదవాలని దాని కోరిక. అందుకు బడిలో ఒక చిన్న సినిమా తీసి మంచి మార్కులు తెచ్చుకోవాలి. చిన్న సినిమా అంటే అదీ కాదు, సినిమా మొదలు మాత్రమే. పేర్లు పడేంతసేపు నడిచే రెండు నిమిషాలు. ఈ దేశంలో బీదవాళ్ళ బతుకుల మీద బీదవాళ్ళు కానివాళ్ళు తీసే ఒక రకం సినిమాలు ఉన్నాయి కదా, ఆ రకం. మిగతా సినిమా ఎవరూ తీయరు. బీదవాళ్ళ కష్టం మొదలైతే చాలు, మార్కులు పడిపోతాయి.

దర్శకుడు ఫిన్లే. కొండ మీద కొత్త ఇళ్ళలో ఉండే పళ్ళ డాక్టర్ల కొడుకు. తల్లీ తండ్రీ ఇద్దరూ పళ్ళ డాక్టర్లే. ఆ వారం కోసం ప్రత్యేకంగా తాతల కాలం నాటి టోపీ ఒకటి పెట్టుకుని, మిల్లు మనుషుల్లా మాటల్లో సగం అక్షరాలు మింగేస్తూ వచ్చాడు. కెమెరా పట్టింది హరూన్. వాళ్ళ నాన్న టాక్సీ నడుపుతాడు.

ఆ రోజు ఆదివారం. దానికి తోడు ఎండ. ఓల్డమ్‌లో ఎండ కాస్తే జనం దాన్ని వృథా చేయరు. వీధికి వీధి పిల్లల్ని, మడత కుర్చీలని, తినడానికి మాంసపు పైలను మూట కట్టుకుని సముద్రం వైపు వెళ్ళిపోయింది. మిగిలింది నోరీన్, విన్నీ, నేను.

"ఛ, ఎండేంటి?" అన్నాడు ఫిన్లే పెరట్లో నిలబడి. "వాన కావాలి. కనీసం మబ్బైనా. ఇది వాస్తవికంగా లేదు."

"మా నాన్న ఈ ఊరొచ్చిన దగ్గర్నించీ ఎండ కోసం ఎదురుచూస్తున్నాడు," అన్నాడు హరూన్. "నువ్వు వద్దన్నావని తెలిస్తే మీ ఇంటికొచ్చి కొడతాడు."

వంటగది కూడా ఫిన్లేకు నచ్చలేదు. మరీ శుభ్రంగా ఉందన్నాడు. గోడకు వేసిన పసుపు రంగు చూసి, ఆశ కనిపిస్తోందన్నాడు. తన సంచీలోంచి ఖాళీ బీరు డబ్బాలు, అంచు విరిగిన కప్పు, నిండుగా ఉన్న సిగరెట్ల బూడిద పళ్ళెం తీసి బల్ల మీద సర్దాడు. బీదరికాన్ని కొండ మీద నుంచి ఇంత జాగ్రత్తగా మోసుకొచ్చిన కుర్రాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

"ఇవెవరివి నాయనా?" అంది నోరీన్.

"మీవే. అంటే, మీ పాత్రవి."

"నేను తాగుతానా?"

"మీ ఆయన తాగుతాడు. మిమ్మల్ని వదిలేసి వెళ్ళాడు."

"ఆల్ఫ్ వదిలేసి వెళ్ళిన మాట నిజమే. అయితే ఆస్పత్రికి. దారిలో కూడా, గ్యాస్ కట్టేశావా అని నన్నడిగాడు."

"నానమ్మా, ఊరికే కూర్చో చాలు," అంది కెల్సీ చెవుల దాకా ఎర్రబడి.

"సరే, మిసెస్ గ్రిమ్‌షా. కిటికీలోంచి బయటికి చూడండి. బాధగా."

"దేని గురించి బాధ?"

"మీ జీవితం గురించి."

"నా జీవితానికేం రోగం?"

ఫిన్లే కెల్సీ వైపు చూశాడు. కెల్సీ నేల వైపు చూసింది. హరూన్ మాత్రం కెమెరా వెనక భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు. చివరికి నోరీన్ మొహంలో కావలసినంత బాధ వచ్చింది. బూడిద పళ్ళెం ఇస్త్రీ చేసిన బల్లగుడ్డ మీద పెట్టారని అప్పుడే చూసింది.

తర్వాత పెరట్లోకి వచ్చి ఫిన్లే నా కిటికీ వైపు చెయ్యి ఊపాడు. "సార్! మీరు కాస్త పక్కకు తప్పుకుంటారా? పుస్తకం కనిపిస్తోంది. ఇలాంటి వీధిలో అది నమ్మశక్యంగా ఉండదు." అప్పటికి నేను ఆ కిటికీ దగ్గర నమ్మశక్యం కాకుండా ముప్పై ఏళ్ళకు పైగా కూర్చుని ఉన్నాను. తెర లాగి, దాని పక్కన మిగిలిన ఖాళీలోంచి చూడసాగాను.

"ఇక అసలు షాట్," అన్నాడు. "దండెం. సందుకు అడ్డంగా మాసిన దుప్పట్లు గాలికి కొట్టుకుంటూ ఉంటాయి. దాని మీద సినిమా పేరు పడుతుంది. ఇది లేకపోతే మార్కుల్లేవు. మా టీచర్ మిస్ లాథమ్ చెప్పింది, ఈ రకం సినిమాలో దండెం ఉండి తీరాలని."



"ఇవాళా?" అంది నోరీన్.

"రేపు పొద్దున్నే ఇచ్చెయ్యాలి నానమ్మా," అంది కెల్సీ. ఆ చట్టం దానికి ఉగ్గుపాలతో తెలుసు. తెలిసే, ఇంతసేపూ ఆ మాట ఎత్తకుండా దాచింది. స్నేహితులకు చెప్పుకోవడానికి సిగ్గు, నానమ్మను అడగడానికి భయం.

"ఆదివారం దండెం వెయ్యను," అంది నోరీన్.

"ఎందుకని?" అన్నాడు ఫిన్లే. నిజంగానే అర్థం కాక అడిగాడు. వాళ్ళింట్లో బట్టలు ఆరబెట్టే యంత్రానికి వారాలతో పని లేదు.

నోరీన్ మొహం తిప్పుకుంది. ఆ చట్టానికి కారణమంటూ ఉందో లేదో నాకూ తెలీదు.

"పోనీ, పక్కింటి ఆవిణ్ణి అడుగుదాం. ఆవిడ దండెం కూడా బావుంది, బాగా తుప్పు పట్టింది." ఫిన్లే అప్పుడే విన్నీ గేటు వైపు నడిచాడు. కెల్సీ, "ఒద్దు ఒద్దు, అక్కడికొద్దు" అంటూ వెనకాలే పరుగెత్తి, గేటు దగ్గర ఆగి, నానమ్మ వైపు తిరిగింది. ఏడుపు మొహం. ఫిన్లే పొద్దుటి నుంచి వెతుకుతున్న మొహం అదే, కానీ కెమెరా అటు తిరిగి లేదు.

నోరీన్ లోపలికి వెళ్ళింది. బీరువాలో ఇస్త్రీ చేసి పెట్టుకున్న దుప్పట్లు తీసి, కుళాయి కింద తడిపి, పిండి, గంపలో వేసుకుని వచ్చింది. ఎప్పుడో ఉతికిన దుప్పట్లను ఇప్పుడే ఉతికినట్టు నటింపజేయడం వాస్తవికత కిందికే వస్తుందట.

"ఇంకొంచెం మాసినవి..." అని మొదలుపెట్టాడు ఫిన్లే. ఆవిడ అతని వైపు చూసింది. అతను టోపీ సర్దుకున్నాడు.

ఆవిడ మొదటి క్లిప్పు పెట్టడం నేను చూశాను. దొంగతనం చేసేవాళ్ళు తాళం మీద చెయ్యి వేసినట్టు పెట్టింది. రెండో దుప్పటి అందుకుంటుండగా పక్క గేటు తెరుచుకుంది. విన్నీ చేతులు కట్టుకుని నిలబడింది.

"నోరీన్."

ఆ గొంతులో ఆ పేరు విని నేనే ఉలిక్కిపడ్డాను.

"ఇవాళ ఏ వారమే?"

"నాకు తెలుసులే."

"తెలుసా? నీ దండెం చూసి సోమవారమనుకుని చెత్తడబ్బా బయట పెట్టబోయాను."

"పిల్లలు సినిమా తీస్తున్నారు."

"ఓహో, సినిమా!" విన్నీ తల పంకించింది. "ఆ ఆదివారం మా పిల్లలిద్దరికీ వాంతులు, విరేచనాలు. ఇంట్లో పొడిగుడ్డ ఒక్కటి లేదు. సినిమా తీస్తున్నానని చెప్పాల్సింది. నాకు తట్టలేదు."

గాలికి దుప్పటి ఒక కొస నోరీన్ చేతిలోంచి జారింది.

"విన్నీ, ఆ కొస పట్టుకో."

ఆల్మా వీధి భాషలో క్షమాపణకు అంతకన్నా పెద్ద మాట లేదు. విన్నీకి ఆ సంగతి తెలుసు. ఆ కొస నిదానంగా కిందికి దిగుతుంటే చూస్తూ నిలబడింది. నేలకు తగలనిచ్చింది. నల్లటి మరక పడనిచ్చింది. అప్పుడు వంగి పట్టుకుంది.

"మాసిందే," అంది. "ఇప్పుడు ఆ కుర్రాడికి పనికొస్తుంది."

ముందు ఎవరు నవ్వారో నేను చెప్పలేను. ఇద్దరూ ఆ దుప్పటి చెరో కొస పట్టుకుని వంగిపోయి, ఊపిరి అందక, ఒకరి భుజం మీద ఒకరు వాలి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వారు.

"కట్! కట్!" అన్నాడు ఫిన్లే. "నవ్వుతున్నారేంటి? హరూన్, ఆపరా!"

హరూన్ ఆపలేదు.

నెలన్నర తర్వాత బడి హాల్లో ఆ రెండు నిమిషాలూ వేశారు. వీధి మొత్తం వచ్చి వెనక వరసలో కూర్చుంది. ముందు వరసలో నోరీన్ మంచి కోటు వేసుకుని, పక్కన విన్నీ. సినిమా పేరు 'బూడిద'. ఫిన్లే తెలివి తక్కువవాడు కాదని ఒప్పుకోవాలి. ఎండనంతా కడిగేసి తెరను బూడిద రంగు చేశాడు. నవ్వుల చప్పుడు తీసేసి, ఏడుపుగొట్టు పియానో పెట్టాడు. బొమ్మను నెమ్మదిగా నడిపించాడు. అలా నడిపిస్తే, పగలబడి నవ్వే ఇద్దరు ముసలమ్మలు గుండె పగిలి ఏడ్చే ఇద్దరు ముసలమ్మలు అయ్యారు. హాల్లో ముక్కులు చీదుకున్నారు. శ్రామిక స్త్రీల నిస్సహాయతను హృదయవిదారకంగా చూపారని మిస్ లాథమ్ మెచ్చుకుంది. ఆ ఏడు అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే వచ్చాయి. కెల్సీకి మాంచెస్టర్‌లో చోటు ఖాయమైంది. ఆ పిల్ల మాత్రం తెర వైపు చూడలేదు.

"దుప్పట్లు ఎప్పుడు ఆరేసిందో!" అని వెనక వరసలో ఎవరో గుసగుసగా అన్నారు.

"సోమవారమే అయ్యుంటుంది. నోరీన్ కదా."

ఆ మాట నాకు వినపడింది. ముందు వరసకూ వినపడిందని నోరీన్ మెడ బిగుసుకోవడం చూసి తెలిసింది. బూడిద రంగులో ఏ వారమో ఎవరు చెప్పగలరు? ఆవిడ పేరుకు వచ్చిన ప్రమాదమేమీ లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నోరు మూసుకోవడంలో ఆవిడకూ విన్నీకీ ఉన్నంత అనుభవం ఈ ఊళ్ళో ఎవరికీ లేదు.

అప్పుడు మిస్ లాథమ్ మైకు పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చింది. "మిసెస్ గ్రిమ్‌షా, ఆ క్షణంలో మీ మనసులో ఏముందో మాతో పంచుకుంటారా?"



"అది ఆదివారం," అంది నోరీన్.

"అవును," అంది మిస్ లాథమ్ కళ్ళు చెమర్చి. "మీ శ్రమకు సెలవంటూ లేదు."

"అది కాదమ్మా. నేను ఆదివారం దండెం వేశాను. విన్నీ బిడ్డలకి జబ్బు చేసి వేస్తే మాత్రం నలుగుర్లో ఒక మాట అన్నాను. అది అనకూడని మాట."

మిస్ లాథమ్ అర్థమైనట్టు తల ఊపింది. విన్నీ తెర వైపే చూస్తూ, ఆ తెర మీద అప్పటికి ఏమీ లేకపోయినా, కదలకుండా అంది:

"గట్టిగా చెప్పవే. వెనక వరసకి వినపళ్ళేదు."

నోరీన్ లేచి నిలబడింది. మైకును, మిస్ లాథమ్‌ను వెనక్కి వదిలేసి, ఆల్మా వీధి వైపు తిరిగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.