గ్యాస్ట్రిక్ అని చెప్పిన నొప్పులు

రండమ్మా, గుమ్మంలో ఎందుకు, లోపలికొచ్చి నా పక్కన గోడకు ఆనుకుని కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి రండి. మధ్యలో లేచి వెళ్లేవాళ్లకు నేను ఏదీ చెప్పను.

బాగేపల్లిలో మా పక్కింటి కోడలి తొలి కాన్పు సంగతి ఇది. ఆ పిల్ల పుట్టిల్లు చింతామణి. అక్కడ ఆమె వదినకు కూడా నెలలు నిండుతున్నాయి. ఒకే ఇంట్లో రెండు కాన్పులు కూడదని ఈమెను అత్తింట్లోనే ఉంచేశారు. ఏడో నెలలో ఒకరోజు అనపకాయలు ఒలుస్తాననే నెపంతో మా ఇంటికి వచ్చి కూర్చుంది. గింజలు తొక్కల్లో, తొక్కలు గింజల్లో వేస్తుంటే, మనసు ఇక్కడ లేదని నాకు తెలిసిపోయింది.

"అవ్వా, ఆస్పత్రిలో లోపలికి ఒక్క ఆడమనిషినే తోడు రానిస్తారంట. నువ్వే రావల్ల."

"మీ అత్త ఉండాది కదమ్మా?"

"ఉండాది. అదే నా భయం."

ఆ పిల్ల భయంలో తప్పేమీ లేదు. ఆ అత్తగారికి చుట్టుపక్కల చెడిన కాన్పులన్నీ కంఠతా వచ్చు. మిట్టేమరిలో ఎవరికి ఎంత రక్తం పోయింది, ఎవరు రెండు రోజులు కళ్లు తెరవలేదు, అన్నీ కోడలికి అన్నం వడ్డిస్తూ వివరంగా చెప్పేది. ధైర్యం కోసమట.

వస్తానని మాట ఇచ్చాను. నేను మంత్రసానిని కాను. పక్కన కూర్చుంటాను, నడుము రాస్తాను, నోరు మూసుకుంటాను. నోరు మూసుకోవడం అందరికీ చేతకాదు. బెంగళూరులో ఈ పని చేసేవాళ్లను డౌలా అంటారని, దానికి తరగతులు కూడా ఉన్నాయని ఆశా కార్యకర్త ఒకసారి చెప్పింది. పక్కన కూర్చోవడం నేర్పే బడి! నన్ను మూడో తరగతిలో బడి మాన్పించిందే ఒక చోట కూర్చోలేనని.

ఒకరోజు పొద్దున్నే, పాలవాడు వచ్చే వేళకు, అత్తగారు పెరటి గోడ మీదుగా తల పెట్టింది.

"అక్కా, నొప్పులు పట్టుకున్యాయి. కరేపాకు కోసం వచ్చినట్టు రా. యెవురికీ చెప్పొద్దు."

మా వైపు ఒక నమ్మకం ఉంది. నొప్పులు మొదలైన సంగతి ఎంతమంది చెవిన పడితే కాన్పు అంత ఆలస్యమవుతుందట. బిడ్డకు లోపల వేరే పనేమీ లేదు, వీధిలో ఎవరెవరికి తెలిసిందో వాకబు చేసుకుని, తీరిగ్గా బయలుదేరుతుందన్నమాట. సరేనని ఖాళీ గిన్నె పట్టుకుని బయలుదేరాను. మా పెరట్లోనే కరివేపాకు చెట్టు ఉందని కొళాయి దగ్గరున్న ఆడవాళ్లకు తెలుసు. గిన్నె చూసి నవ్వారు.

"కరేపాకుకా అవ్వా? సుఖంగా కానీలే!"

పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. నేను నడుము రాస్తుండగా చింతామణి నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసింది. అత్తగారు ఎత్తింది.

"నొప్పులా? యాడివి వదినా! రాత్రి బజ్జీలు తినింది. గ్యాస్ట్రిక్, అంతే."

సరిగ్గా అప్పుడే పిల్ల గట్టిగా మూలిగింది.

"అది... టీవీ వదినా. సీరియల్లో యెవురో ఏడుస్తాండారు."

కన్నతల్లికి తన కూతురి గొంతుకూ టీవీకీ తేడా తెలియదా? ఆమె బస్సెక్కేసింది. మేము ఆస్పత్రిలో ఆటో దిగి చీటీ రాయించుకునేసరికి వాకిట్లో సంచి పట్టుకుని నిలబడి ఉంది. మా వీధిలో ఒక్క మాట అడిగితే నలుగురు ఆస్పత్రి దారి చూపించారట. అంత గుట్టుగా దాచాం మేము.

కాన్పు గది తలుపు దగ్గర సిస్టరమ్మ అడిగింది. "ఒక్కరే రావల్ల. యెవురు?"

"నేను," అంది అత్తగారు. "పుట్టేది మా ఇంటి బిడ్డ."

"నేను," అంది తల్లి. "కనేది నా బిడ్డ."

కనే పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె నా కొంగు పట్టుకుని లాగుతోంది. మాట్లాడే ఓపిక లేదు.

"మీ కొట్లాట ఆపండి. నొప్పులు యెప్పట్నుంచి వస్తాండాయి? అది చెప్పండి ముందు."

తల్లికి తెలియదు. అత్తగారికి తెలుసు. కానీ చెబితే ఆ గ్యాస్ట్రిక్ ఏమైపోవాలి? వియ్యపురాలు పక్కనే నిలబడి ఉంది.

"ఇప్పుడే సిస్టర్... దారిలో మొదులాయ."

"అట్లయితే తొందరేం లేదు. కొంచేపు బెంచీ మీద కూర్చోనీండి."

పిల్ల నా కొంగు వదిలి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుతో నోరు మూసుకునే నా నియమం తప్పాను.

"పాలోడు వచ్చినప్పట్నుంచి సిస్టర్. ఇప్పుడు ఐదు నిమిషాలకొకటి వస్తాండాది. పొద్దున్నుంచీ నా చెయ్యి ఆమె నడుము మీదనే ఉండాది."

సిస్టరమ్మ నన్నూ, అత్తగారినీ మార్చి మార్చి చూసింది. "నువ్వు రామ్మా లోపలికి."

తలుపు మూసుకుంటుండగా వెనక నుంచి చింతామణి వియ్యపురాలి గొంతు వినిపించింది. "గ్యాస్ట్రికా వదినా?"

లోపల పిల్ల నన్ను దగ్గరకు లాక్కుంది. "అవ్వా, ఆ మిట్టేమరి ఆమెకు అయినట్టు నాకూ అయితాదా?"

"ఆమెకు ఇప్పుడు ముగ్గురు బిడ్లు. మొన్న సంతలో నాతో వంకాయలకు పోట్లాడింది. మీ అత్త చెప్పలేదా?"

"లేదు!"

"ఆమెకు కథ చివర గుర్తుండదులే."

పిల్ల నవ్వబోయి అరిచింది. నా గాజులు రెండు ఆమె పిడికిట్లోనే పగిలాయి. సిస్టరమ్మ పని సిస్టరమ్మ చేసింది, నా పని నేను చేశాను. పొద్దు నడినెత్తికి రాకముందే ఆడపిల్ల పుట్టింది.

"యెవురికీ చెప్పకుండా దాచినా గాబట్టే ఇంత సులభంగా అయిపోయింది," అని అత్తగారు చూడవచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంది.

తర్వాత నెలంతా రోజూ వెళ్లి బిడ్డను ఒళ్లో వేసుకునేదాన్ని, తల్లి రెండు గంటలైనా కునుకు తీస్తుందని. ఎవరైనా అడిగితే అత్తగారు, "ఊరికే వచ్చి కూర్చోనుంటాది, పాపం, పొద్దుపోదు," అనేది. నిజమే కదా.

మొన్న ఆమే మా గుమ్మంలో నిలబడింది, చేతిలో ఖాళీ గిన్నెతో.

"అక్కా, చిక్కబళ్లాపురంలో నా కూతురికి ఎనిమిదో నెల. నువ్వు తోడు రావల్ల."

"తల్లివి నువ్వు ఉండావు కదమ్మా?"

ఆమె ఖాళీ గిన్నెను కొంగుతో తుడిచింది. "నన్ను వద్దంటాండాది అక్కా."

నాకు నవ్వు వచ్చిన మాట నిజం. ఆ ముఖం చూశాక ఆగిపోయింది. గిన్నె నిండా కరివేపాకు దూసి ఇచ్చాను.

"వస్తాలే. ఈసారి యెవురన్నా అడిగితే నొప్పులనే చెప్పు."

ఇక లేవండి. మీ ఇంట కాన్పులు సుఖంగా కావాలి. కనే తల్లి పక్కన నోరు మూసుకుని కూర్చునే మనిషి ఒకరు ఎప్పుడూ ఉండాలి. మీ గడప చల్లగా ఉండాలి తల్లీ.