బెంచీ నడుము

ఎడమచెయ్యి ఒకవైపు నుంచి, కుడిచెయ్యి రెండోవైపు నుంచి కుక్క పొట్ట కిందికి వెళ్లాయి. రెండు అరచేతుల మధ్య నిమ్మకాయంత మూత్రాశయం తగిలేదాకా గోళ్లక్క ఊపిరి బిగబట్టింది. తగిలాక, తొందరపడకుండా, వెనక్కి ఒకే ఒత్తిడితో నొక్కింది. కింద పరిచిన పాత తువ్వాలు మీద సన్నటి ధార పడింది. ధార ఆగాక మళ్లీ తడిమి చూసి, ఖాళీ అయిందని నమ్మకం కుదిరాక తడిగుడ్డతో తుడిచింది, పొడిగుడ్డతో అద్దింది. కుక్క వెనక కాళ్లు ఈడ్చుకోవడం వల్ల తొడ మీద గీరుకుపోయిన చోట మందు రాసి, తిరిగి బోనులో పడుకోబెట్టింది.

రోజుకు నాలుగుసార్లు ఈ పని. మొదలుపెట్టి పదహారు రోజులైంది.

కుక్క పేరు బెంచీ. జాతి మినియేచర్ డాషండ్. ఒళ్లంతా కలిపి ఐదు కిలోలు లేడు. కాళ్లు బెత్తెడు, నడుము మాత్రం మూరెడు. బొరియల్లో దూరి వేటాడ్డానికి మనుషులు తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతి. అందుకే గొంతు తనకు పదింతలున్న కుక్కది, మొండితనానికి కొలతే లేదు. అంత నడుమును అంత పొట్టి కాళ్ల మీద నిలబెడితే భారమంతా వెన్ను మీద పడుతుంది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండ్లు ఈ జాతిలో చిన్న వయసులోనే గట్టిపడిపోతాయి. తర్వాత ఒక్క దూకు చాలు. దిండు పగిలి నరాన్ని నొక్కేస్తుంది, వెనక కాళ్లు పడిపోతాయి.

గోళ్లక్క ఇవన్నీ ఏ కాలేజీలోనూ చదవలేదు. ఇరవై రెండేళ్లు కుక్కలకు స్నానాలు చేయిస్తూ, చెవులు తుడుస్తూ, గోళ్లు కత్తిరిస్తూ, పక్కవీధి పశువుల డాక్టరు మాటలు చెవిన వేసుకుంటూ నేర్చుకుంది. డాషండ్‌ను తెచ్చిన ప్రతివాళ్లకీ విసుగు లేకుండా చెప్పేది. పసిపిల్లల్ని ఎత్తినట్టు చంకల్లో చేతులు పెట్టి లేపొద్దు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిర్రల కింద, నడుము నేలకు సమంగా ఉండాలి. మెడకు పట్టా కట్టి లాగొద్దు, ఛాతీకి వేసే పట్టీ వాడండి. పక్కటెముకలు వేళ్లకు తగలకపోతే తిండి తగ్గించండి. దూకనివ్వొద్దు.

అందరికీ చెప్పింది. బెంచీ విషయంలో తనే తప్పింది.

బెంచీకి ఎవరైనా ఎత్తుకుంటే నామోషీ. ఎనిమిదేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు, గోళ్ల పని అయ్యీ అవ్వకముందే బల్ల మీంచి పక్కనున్న స్టూలు మీదికి, స్టూలు మీంచి నేల మీదికి దూకి, సభ ముగించిన అధ్యక్షుడిలా నడిచి వెళ్లిపోయాడు. వాడి యజమానురాలు టైపిస్టమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వు కోసం గోళ్లక్క అదే అలవాటు చేసింది. పని అవగానే చేతులు తీసేసేది, వాడు దిగేవాడు.

పదిహేడు రోజుల కిందట నేల కడుగుతూ స్టూలు గోడవారకు జరిపింది. టైపిస్టమ్మ మందుల షాపుకు వెళ్లింది. ఆఖరి గోరు కత్తిరించి గోళ్లక్క అలవాటు చొప్పున చేతులు తీసింది. బెంచీ అలవాటు చొప్పున దూకాడు.

అరవనైనా లేదు. లేచి ఒళ్లు దులుపుకుని ఇంటికి వెళ్లాడు. తెల్లారేసరికి వెనక కాళ్లు ఈడుస్తున్నాడు.

డాక్టరు వాడి వెనక కాలివేలిని పటకారుతో గిల్లాడు. బెంచీ తల తిప్పి పళ్లు చూపించాడు.

"నొప్పి తెలుస్తోంది. ఆశ ఉంది," అన్నాడు డాక్టరు. "ఆరు వారాలు బోనులోంచి కదలకూడదు. ఆలోగా తనంతట తాను మూత్రం పోసి, నడిస్తే సరే. లేదంటే అప్పుడు మాట్లాడుకుందాం."

ఆ మాట్లాడుకోవడం ఆఖరి సూది గురించేనని ముగ్గురికీ తెలుసు. టైపిస్టమ్మది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ముప్పయ్యెనిమిదేళ్లు మీటలు కొట్టి ఆమె మణికట్లు అరిగిపోయాయి. సీసా మూత తిప్పడానికే పక్కింటివాళ్లను పిలుస్తుంది, రోజుకు నాలుగుసార్లు కుక్క పొట్ట ఎలా నొక్కుతుంది?

"నా దగ్గర ఉంచండి," అంది గోళ్లక్క. స్టూలు సంగతి చెప్పడానికి నోరు తెరిచింది. "ఈ జాతికి ఇది మామూలేనమ్మా," అని డాక్టరు అప్పుడే అన్నాడు. తెరిచిన నోరు మూసుకుంది.

అప్పట్నుంచి ఆమెకు ఏదీ అంటడం లేదు. నొక్కడం, తుడవడం, మాత్ర మింగించడం, మిగతా కుక్కల పని చూడడం. చేతులు వేళకు లేచేవి, పని చేసేవి. టీ చల్లారిపోయాక తాగేది, చల్లారిందని తెలిసేది కాదు. ఏడుపు వస్తుందేమోనని మొదటి వారం చూసింది. రాలేదు. తర్వాత చూడడం మానేసింది.

పక్క దుకాణం ఆమె తమ్ముడిది. తాళాలు బాగుచేస్తాడు, అడిగితే చెక్కపనీ చేస్తాడు. మధ్యాహ్నం వచ్చి బోను ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏరా బెంచీ, సెలవు పెట్టి పడుకున్నావా? జీతం కోసేస్తారు చూసుకో." అక్క వైపు తిరిగాడు. "ఏంటక్కా, ఉప్పు లేని కూర వండి పంపావు. బావ నోరెత్తకుండా తిన్నాడు గానీ నావల్ల కాలేదు."

"చూసుకోలేదు."

"నిన్ననూ చూసుకోలేదు. డాక్టరు వాడి వేలు గిల్లినట్టే నీ వేలూ ఓసారి గిల్లి చూస్తే బాగుండేది."

"పనుంది, వెళ్లరా."

వాడు వెళ్లలేదు. బోను తలుపు గడియ వదులైందని స్క్రూ బిగించి అప్పుడు వెళ్లాడు.

మూడో వారం చివర, పొద్దున గోళ్లక్క చేతులు పెట్టకముందే తువ్వాలు తడిసి ఉంది. కారిపోయిందేమోనని పొట్ట తడిమింది. ఖాళీగా ఉంది, కారితే అలా ఉండదు. వాడే పోశాడు. పుస్తకంలో తేదీ రాసి తువ్వాలు నానబెట్టింది. సంతోషించాలని తెలుసు. బోను పక్కనే కాసేపు కూర్చుంది. ఏమీ రాకపోయేసరికి లేచింది.

నాలుగో వారంలో కాలిపాదాన్ని మడిచి, పైభాగం నేలకు ఆనించి వదిలితే బెంచీ తిరిగి సరిగ్గా పెట్టుకోసాగాడు. కుడికాలు వెంటనే, ఎడమకాలు ఆలోచించుకుని. ఐదో వారంలో పొట్ట కింద తువ్వాలు వేసి పైకి పట్టుకుంటే నాలుగడుగులు వేశాడు. వీధిలో ఎవరి సైకిల్ వెళ్లినా బోను అదిరేలా మొరిగాడు.

టైపిస్టమ్మ రోజూ నాలుగింటికి వచ్చి బోను పక్కన కుర్చీ వేసుకునేది. ఆ వారం మాటల్లో అంది:

"ఇంటికొచ్చాక వాడి మానాన వాణ్ణి వదిలేస్తానమ్మాయ్. మంచం ఎక్కుతానంటే ఎక్కనీ, దిగుతానంటే దిగనీ. దానంతటదే వచ్చిన రోగం కదా, వాడి సరదాలన్నీ ఆపితే మాత్రం మళ్లీ రాకుండా ఉంటుందా?"

గోళ్లక్క చేతిలో దువ్వెన ఆగింది. మంచం ఎత్తు రెండడుగులు. అక్కణ్నుంచి ఇంకొక్క దూకు దూకితే ఈసారి వేలు గిల్లినా తల తిప్పడు.

"దాని గురించి ఇచ్చేటప్పుడు చెబుతానమ్మగారూ," అంది.

ఆ సాయంత్రం తమ్ముడి దగ్గరికి వెళ్లి, మంచం ఎత్తు చెప్పి, ఏటవాలు పలక చెయ్యమంది. జారకుండా పైన గరుకు చాప అంటించాలి, రెండు పక్కలా బెత్తెడు అంచుండాలి. వాడు మొదట చేసింది నిలువుగా ఉందని తిప్పి పంపింది. రెండోది పొడుగు పెంచి తెచ్చాడు.

"దీని మీద నేనే ఎక్కి దిగొచ్చక్కా. ఇంత పొడుగెందుకు?"

"నీకు నడుముందా, ఉన్నదల్లా పొట్టే," అంది.

తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. నెల దాటాక అక్క నోట్లోంచి వచ్చిన మొదటి ఎగతాళి అది. ఆమె అప్పటికే చాప అంచు గోటితో గీకి చూస్తోంది.

ఆరు వారాలు నిండాయి. డాక్టరు నేల మీద బెంచీని నడిపించాడు. ఎడమకాలు కొంచెం ఊగుతోంది, నడక మాత్రం నడకే. "తీసుకెళ్లొచ్చు," అన్నాడు.

దుకాణానికి తిరిగొచ్చాక గోళ్లక్క బెంచీని బల్ల మీద నిలబెట్టింది. ఒక చెయ్యి వాడి ఛాతీ మీదే ఉంచింది.

"కూర్చోండమ్మగారూ. ఇది దానంతటదే రాలేదు. మీరు మందుల షాపుకెళ్లిన రోజు స్టూలు నేనే జరిపాను. చూసుకోకుండా చేతులు తీసేశాను. వాడు స్టూలుందనుకుని దూకాడు."

టైపిస్టమ్మ బల్ల వైపు, స్టూలు వైపు చూసింది.

"అప్పుడే చెబితే వాణ్ణి నీ దగ్గర ఉంచేదాన్ని కాదు."

"తెలుసమ్మగారూ."

"ఆ భయంతో చెప్పలేదా?"

"ఏమోనండీ. నోరు రాలేదు. ఇప్పుడు చెప్పకపోతే మీరు వాణ్ణి మంచం మీంచి దూకనిస్తారు."

"దూకించింది నువ్వూ, నవ్వింది నేనూ," అంది టైపిస్టమ్మ. ఆ మాటలో కోపముందో లేదో తెలియలేదు. "సరే. ఎలా ఎత్తుకోవాలో చూపించు. నా చేతులు ఆగుతాయో లేదో చూద్దాం."

గోళ్లక్క చూపించింది. టైపిస్టమ్మ మణికట్లు బరువు ఆపలేకపోయాయి. అందుకని ముంజేతుల మీద తీసుకోమంది. ఛాతీ ఒక ముంజేతి మీద, పిర్రలు రెండో ముంజేతి మీద, ఒళ్లు తన పొట్టకు ఆనించి. మొదటిసారి నడుము వంగింది. "మళ్లీ," అంది గోళ్లక్క. రెండోసారి వెనకభాగం జారింది. "మళ్లీ." బెంచీ నామోషీగా గోడవైపు మొహం తిప్పుకున్నాడు. నాలుగోసారికి నడుము బల్లలా నిలిచింది.

"మెట్లు?"

"మీరు ఎక్కలేనప్పుడు మా తమ్ముడికి ఫోన్ చెయ్యండి. వాడు మోస్తాడు. బెంచీని మాత్రం ఎక్కనివ్వొద్దు."

మాత్రల చీటీ, పొట్ట కింద వేసే తువ్వాలు, ఛాతీపట్టీ సంచిలో పెట్టింది. తమ్ముడు పలక భుజాన వేసుకుని ముందు నడిచాడు. గోళ్లక్క బల్ల మీంచి బెంచీని రెండు చేతుల మీద ఎత్తి, టైపిస్టమ్మ ముంజేతుల మీద పెట్టింది. ఆమె పట్టు కుదిరేదాకా కింద చేతులు ఉంచి, కుదిరాక తీసింది.